పదిహేడు గంటలు, ఆరు బోల్టులు

కొండపల్లి ఖిల్లాకి ఎక్కే ఘాట్ రోడ్డు మీద మా మారుతి 800 ఆగిపోలేదు. ఆగిపోయినా బాగుండేది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంజను గోల పెరుగుతోంది, బండి మాత్రం ముందుకు రానంటోంది. అద్దాలు దించి ఉండటంతో వాసన గుప్పుమంది. వెనక సీట్లోంచి అమ్మ, "ఎవరో చెత్త తగలబెడుతున్నట్టున్నారురా" అంది. తగలబడుతున్నది మన క్లచ్చేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బండిని పక్కకి తీసి, అరగంట చల్లారనిచ్చి, ఖిల్లా చూడకుండానే కిందికి దిగాం.

ఆ తర్వాతి శని, ఆదివారాల్లో పోరంకిలోని మా ఇంటి పోర్టికోలో ఆ క్లచ్‌ని నేనూ మా బావమరిదీ కలిసి మార్చాం. ఇద్దరికీ అదే మొదటిసారి. మొత్తం పదిహేడు గంటలు పట్టింది. మా మెకానిక్ మేస్త్రి అయితే మూడున్నర గంటల్లో చేసేస్తాడు. ఆ పదమూడున్నర గంటల తేడా ఎక్కడికి పోయిందన్నది నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

ముందే చెప్పేస్తాను, నా అభిప్రాయం కాస్త వంకరగా ఉంటుంది. కారు నడిపే ప్రతివాడూ, చోటూ ఓపికా ఉంటే, జన్మకి ఒక్కసారి క్లచ్ తనే విప్పి చూడాలంటాను. రెండోసారి మాత్రం బండిని తిన్నగా షెడ్డుకి తోలుకెళ్ళి, మేస్త్రి చెప్పిన కూలి బేరమాడకుండా ఇచ్చి రావాలంటాను. "ఇంట్లోనే చేసుకోండి, బోలెడు మిగులుతుంది" అనే వీడియోల వాళ్ళకీ, "చదువుకున్నవాడివి, నీకెందుకురా ఈ మసి పని" అనే మా పెదనాన్నకీ ఇద్దరికీ ఇది నచ్చదు.

బండి గురించి రెండు ముక్కలు. 2006 మోడల్, నాన్న రిటైరయ్యాక కొన్నారు. 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు, ఏసీ ఉందంటే ఉంది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చిన నాటి నుంచి 2014 జనవరిలో తయారీ ఆపేసేదాకా మనలో ఎంతమంది దీని మీదే డ్రైవింగు నేర్చుకున్నారో లెక్కలేదు. మాది పదిహేనేళ్ళు నిండగానే 2021లో రిజిస్ట్రేషన్‌ని ఇంకో ఐదేళ్ళకి పొడిగించుకున్నాం. అప్పుడు ఫీజు 600. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. ఇంటికి ఎవరొచ్చినా నాన్న ఈ సంగతి చెప్తారు, అదంతా ఆయన ముందుచూపే అన్నట్టు.

కొండపల్లి నుంచి వచ్చాక బండిని మేస్త్రికి చూపించాను. ఆయన హ్యాండ్ బ్రేకు లాగి, టాప్ గేరు వేసి, మెల్లిగా క్లచ్ వదిలాడు. క్లచ్ బాగుంటే ఇంజను అక్కడే గుక్కపట్టి ఆగిపోవాలి. మాది హాయిగా తిరుగుతూనే ఉంది. "సెట్టు మార్చాలి సార్. సామాను నాలుగు వేల దాకా అవుద్ది, కూలి పదిహేను వందలు" అన్నాడు. నేను ఎప్పటిలాగే "కూలి కొంచెం చూడండి" అన్నాను. ఆయన చూడలేదు. ఆ పదిహేను వందల మీద వచ్చిన ఉక్రోషంతోనే ఇదంతా మొదలుపెట్టాను. జ్ఞానం కోసమని తర్వాత చెప్పుకున్నాను.

ఉక్రోషం ఖరీదు ఎంతంటే: క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కలిపి ఆటోనగర్‌లో 2,650. గేర్ ఆయిలు 900. యాక్సిల్ ఆయిల్ సీళ్ళు రెండు 240. పాతది ఎలాగూ పోగులు లేచిందని కొత్త క్లచ్ కేబులు 280. ఇక్కడికి 4,070. మేస్త్రి చెప్పిన మాట అక్షరాలా నిజం. పైన జాక్ స్టాండ్లు 1,900, సాకెట్ సెట్టు 2,400, గ్లవుజులూ గ్రీజూ థిన్నరూ అవీ ఇవీ 330. మొత్తం 8,700. పదిహేను వందలు మిగుల్చుకుందామని 4,630 ఎక్కువ పెట్టాను. సామాన్లు మళ్ళీ పనికొస్తాయి కదా అని మా ఆవిడ దగ్గర వాదించాను. స్కూటీ అద్దం బిగించడానికి ఒకసారి పనికొచ్చాయి కూడా.

క్లచ్ చేసేది చెప్పుకోడానికి చిన్న పనే. రెండు అరచేతుల మధ్య రూపాయి బిళ్ళ పెట్టి గట్టిగా నొక్కి, చేతులు తిప్పితే బిళ్ళ కూడా తిరుగుతుంది. పట్టు వదిలితే చేతుల మధ్య జారుతుంది. ఒక చెయ్యి ఇంజను వైపు ఫ్లైవీల్, రెండో చెయ్యి దానికే బిగించిన ప్రెషర్ ప్లేటు, మధ్యలో బిళ్ళ క్లచ్ ప్లేటు. ఆ బిళ్ళ నడుమ ఉన్న పళ్ళలోకి గేర్ బాక్సు షాఫ్టు దూరి ఉంటుంది. మనం పెడల్ తొక్కితే కేబులు లాగి రిలీజ్ బేరింగుని ప్రెషర్ ప్లేటు మీదకి నొక్కుతుంది, చేతులు వదులవుతాయి. పెడల్ వదిలితే మళ్ళీ నొక్కుకుంటాయి. సగం తొక్కి ఉంచితే? బిళ్ళ జారుతూ అరుగుతుంది. కొండపల్లిలో మాకొచ్చిన వాసన అదే.

మా బావమరిది పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాడు. పరీక్షలో క్లచ్ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, పదికి తొమ్మిది తెచ్చుకున్నవాడు. "బావా, బొమ్మలో ఇది పేజీ మధ్యలో ఉంటుంది, ఇక్కడేంటి ఇంత లోపల ఉంది" అన్నాడు శనివారం పొద్దున. అసలు కష్టమంతా ఆ ఒక్క మాటలో ఉంది. క్లచ్‌ని పట్టి ఉంచేవి ఆరు బోల్టులు. వాటిని విప్పడం, బిగించడం పావుగంట పని. ఆ ఆరు బోల్టుల దగ్గరకి చేరాలంటే మాత్రం బ్యాటరీ తియ్యాలి, స్టార్టర్ మోటారు విప్పాలి, స్పీడోమీటర్ కేబులు, క్లచ్ కేబులు, రివర్స్ లైటు వైరు, ఎర్త్ వైరు ఊడదియ్యాలి, కింద గేర్ రాడ్డు తప్పించాలి, గేర్ ఆయిలు దించాలి, ముందు చక్రాలు తీసి యాక్సిళ్ళు బయటికి లాగాలి, ఇంజను వేలాడకుండా కింద చెక్క పెట్టి ఆనించాలి, అప్పుడు గేర్ బాక్సు దింపాలి. ఊడిన ప్రతిదానికీ అమ్మ పాత క్యాలెండరు కాగితం మీద పేరు రాసి పొట్లం కట్టింది. పచారీ కొట్టులా అయింది పోర్టికో.

ఒక్క విషయం దగ్గర మాత్రం నేను కచ్చితం. జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి దూరకూడదు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇటుకలు పేర్చి దాని మీద ఆనిస్తారు కొందరు. ఇటుక పగలబోయే ముందు చెప్పి పగలదు. వెనక చక్రాలకి రెండు వైపులా రాళ్ళు అడ్డం పెట్టి, చాసిస్ కింద స్టాండ్లు వేసి, బండిని భుజంతో గట్టిగా ఊపి చూసి, అప్పుడు దూరాం. షెడ్లలో కుర్రాళ్ళు జాకీ మీదే దూరడం చూస్తూనే ఉంటాం, ఏం కాలేదు కదా అనుకుంటాం. వాళ్ళ ధైర్యం అనుకున్నదాన్ని, కూలి తగ్గించమని మనం చేసే బేరంలో ఒక భాగంగా చూడటం మొదలుపెట్టాను ఈ మధ్య. పందొమ్మిది వందలు పెట్టి స్టాండ్లు కొన్నవాణ్ణి నేను. పదిహేను వందల కూలిలో వాటికి చోటేది?

ఒక యాక్సిలు లాగడానికి గంటన్నర పట్టింది. లోపలి చివర చిన్న రింగు ఒకటి పట్టుకుని ఉంటుంది. మెల్లిమెల్లిగా ఎత్తితే రాదు. సందులో టైరు లివరు పెట్టి ఒక్క కుదుపు ఇస్తే టప్పున ఊడొస్తుంది. గంట ఇరవై తొమ్మిది నిమిషాలు మర్యాదగా ప్రయత్నించి, చివరి నిమిషంలో విసుగుతో కుదిపాను. వచ్చింది. దాంతోపాటు ఖాళీ అయిందనుకున్న గేర్ ఆయిలు ఓ గ్లాసుడు నా మోచేతి మీదుగా చంకలోకి దిగింది. ఆ వాసన కుళ్ళిన వెల్లుల్లికి దగ్గరగా ఉంటుంది, మూడు స్నానాలకి పోదు.

గేర్ బాక్సు దింపేటప్పుడు పాతిక కిలోల బియ్యం బస్తాని పడుకుని గుండెల మీదకి దించుకున్నట్టు అనిపించింది. బస్తాకి కనీసం పట్టుకోడానికి చెవులుంటాయి. సాయంత్రం ఆరింటికి అది పక్కన పడ్డాక, టార్చిలైటు వేసి లోపలికి చూశాం. ప్రెషర్ ప్లేటు బోల్టులు ఒక్కోటి కొద్దికొద్దిగా, ఎదురెదురువి వదులు చేసుకుంటూ తీశాం. ప్లేటు చేతిలోకి వచ్చింది.

దాన్ని నేను చాలాసేపు అలాగే పట్టుకున్నాను. పెద్ద అప్పడం అంత ఉంటుంది. ప్లేటు మీద రాపిడికి అరిగే పొరని లైనింగు అంటారు. కొత్త ప్లేటులో రివెట్లు ఆ లైనింగు లోపలికి గుంటల్లో కూర్చుని ఉంటాయి. మా దానిలో గుంటలే లేవు. లైనింగు అరిగి అరిగి రివెట్ల తలలతో సమానమైపోయింది. ఒక పక్కనైతే తలలు బయటికే వచ్చి ఫ్లైవీల్ మీద సన్నటి గీతలు పెట్టాయి. ఫ్లైవీల్ మీద అక్కడక్కడ నీలం మచ్చలు, నిప్పుల మీద మర్చిపోయిన అట్లకాడ రంగు. ఒక్కో మచ్చా ఒక్కో సాయంత్రం బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడేదాకా నేను సగం క్లచ్ మీద నిలబెట్టిన బండిదే అయి ఉంటుంది. లోపలంతా నల్లటి పొడి. బావమరిది ఊదబోతే ఆపాను. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. మూతికి గుడ్డ కట్టుకుని, తడిబట్టతో తుడిచి, ఆ బట్ట పారేశాం.

జన్మకి ఒక్కసారైనా చూడాలని నేననేది ఈ ప్లేటుని చూసే. నేను కారు నేర్చుకున్న డ్రైవింగ్ స్కూల్లో క్లచ్ గురించి చెప్పిన పాఠం మొత్తం ఒకే వాక్యం: "ఎత్తు మీద బండి వెనక్కి పోకుండా క్లచ్‌ని సగంలో ఉంచండి, బ్రేకు వదిలేయండి." పద్నాలుగేళ్ళు నేను అదే చేశాను. ఎంత నేర్పుగా చేసేవాణ్ణంటే, ఎత్తు మీద బండిని అంగుళం కదలకుండా పాదంతో ఆపడం నాకు గొప్పగా ఉండేది. ఆ గొప్పతనమంతా లైనింగు పొడి రూపంలో గేర్ బాక్సు లోపల పడి ఉంది. కాలు ఎత్తి హ్యాండ్ బ్రేకు లాగమని నాన్న ఎన్నిసార్లు చెప్పారో. చెప్తే ఎక్కలేదు. చేతిలో పెట్టుకుంటే ఎక్కింది. ఇప్పుడు సిగ్నల్ పడగానే నా చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదకి పోతుంది. గేరు మార్చనప్పుడు ఎడమ కాలు పెడల్ మీద ఆనించడం కూడా పోయింది.

ఆదివారం బిగింపు. విప్పినదాన్ని తిరగేస్తే బిగింపే కదా అనుకుంటాం. ఫ్లైవీల్‌ని గరుకు కాగితంతో రుద్ది, కొత్త ప్రెషర్ ప్లేటు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె థిన్నరుతో తుడిచి, షాఫ్టు పళ్ళకి గోరు మీద పట్టేంత గ్రీజు రాశాం. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి ప్లేటు మీదే పడుతుంది. ప్లేటు ఏ వైపు ఎటు ఉండాలో చూసుకున్నాం. స్ప్రింగులు ఉబ్బిన వైపు గేర్ బాక్సు వైపుకి. ఇక మిగిలింది ప్లేటుని సరిగ్గా మధ్యలో నిలబెట్టడం. ప్రెషర్ ప్లేటు బిగిసేదాకా అది ఎటైనా జరుగుతుంది, బిగిశాక ఎటూ జరగదు. కాస్త పక్కకి ఉంటే గేర్ బాక్సు షాఫ్టు ప్లేటులోంచి దూరి చివరిదాకా పోదు. దానికో సాధనం ఉంటుంది, మా దగ్గర లేదు. నాన్న ఆలోచించి, అప్పడాల కర్ర చివర ఇన్సులేషన్ టేపు చుట్టి మధ్యలో దూర్చమన్నారు. చూడ్డానికి బాగానే కుదిరింది.

గేర్ బాక్సు ఎత్తాం. దాదాపు పోయింది. వేలు పట్టేంత సందు మిగిలింది. ఊపాం, వంచాం, బావమరిది చక్రం వైపు నుంచి షాఫ్టు తిప్పాడు, నేను ముందు నుంచి పానా పెట్టి ఇంజను పుల్లీ తిప్పాను. ఆ సందు అలాగే ఉంది. రెండు గంటలు. చేతులు వణుకుతున్నాయి, కళ్ళలో చెమట, పైనుంచి మట్టి. అప్పుడొచ్చింది బుద్ధి తక్కువ ఆలోచన: "బోల్టులు అందుతున్నాయి కదా బావా, బిగించేస్తే అదే లోపలికి పోతుంది." నేను పానా అందుకున్నాను కూడా. మొదటి బోల్టు రెండు చుట్లు తిరిగాక బరువుగా అనిపించి ఆగాను. ఇంకో నాలుగు చుట్లు తిప్పి ఉంటే ప్లేటు నడుమ వంగేది, లేదా గేర్ బాక్సు చెవి విరిగేది. పోత అల్యూమినియం వంగదు, విరుగుతుంది.

మళ్ళీ దింపాం. మధ్యాహ్నం మూడింటికి, ఒళ్ళంతా మసితో, సిగ్గు మింగి, మేస్త్రి ఇంటికి వెళ్ళాను. ఆదివారం కదా, లుంగీ మీద వరండాలో కూర్చుని ఉన్నాడు. సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. లోపల్నుంచి ఒక రేకు డబ్బా తెచ్చి, అందులోంచి జానెడు పొడుగు పాత గేర్ షాఫ్టు ముక్క తీసి ఇచ్చాడు. "ఇది దూర్చి బిగించండి, తర్వాత లాగెయ్యండి." మీరూ దీంతోనే చేస్తారా అని అడిగాను. "మా కుర్రాళ్ళకి ఇస్తా. నేను కంటితో పెట్టేస్తా" అన్నాడు.

ఆ ముక్కతో గేర్ బాక్సు మొదటి ప్రయత్నంలోనే 'టక్' అని కూర్చుంది. అప్పడాల కర్ర ఒక్క నూలు పక్కకి ఉందంతే. ఆ నూలు వాసినే ఆయన కంటితో పట్టేస్తాడు, నడుం వంచి, పొగలోనూ మసిలోనూ, రోజుకి రెండుసార్లు. దానికే నేను "కూలి కొంచెం చూడండి" అన్నాను. క్లచ్ సెట్టు డబ్బా మీద ఎమ్మార్పీ అచ్చేసి ఉంటుంది కాబట్టి దాని మీద బేరం ఉండదు. మనిషి చెయ్యి మీద ఎమ్మార్పీ ఉండదు, కాబట్టి తగ్గింపు అంతా అక్కడే అడుగుతాం. డబ్బాలో సామాను ఎవరు వేసినా అదే సామాను. అందులో తేడా తెచ్చేది మనం తగ్గించమన్న భాగమే.

"అయితే ఇంతకీ నువ్వు చెయ్యకపోయినా కూలి పూర్తిగా ఇవ్వొచ్చుగా, దానికి రెండు రోజులు బండి కింద దొర్లాలా" అని మా ఆఫీసులో ఒకాయన అడిగాడు. ఇవ్వొచ్చు. ఆయన ఇస్తున్నాడా అంటే ఇవ్వడం లేదు, నేనూ ఇవ్వలేదు. మనకి తెలియని పని ఎప్పుడూ తేలికే. ఇంకో మాట కూడా అన్నాడు, ఇలా అందరూ ఇంట్లో చేసుకుంటే మేస్త్రిల పొట్ట కొట్టినట్టు కాదా అని. పదిహేడు గంటలు పట్టే పోటీదారుణ్ణి చూసి ఏ మేస్త్రీ భయపడడు.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. నేను చెప్పేదంతా మారుతి 800 లాంటి చిన్న, తేలిక, కేబులు క్లచ్ బండికే. కొత్త బండ్లు చాలావాటిలో క్లచ్ హైడ్రాలిక్. కొన్నిటిలో రిలీజ్ బేరింగే గేర్ బాక్సు లోపల ఆయిల్ సిలిండరుతో కలిసి ఉంటుంది, బిగించాక ఆ ఆయిల్లో చేరిన గాలి తియ్యాలి. కొన్నిటిలో గేర్ బాక్సు దింపాలంటే ముందు దాని కింద ఉండే సబ్‌ఫ్రేమ్ అనే ఇనప చట్రాన్నే దింపాలి. డీజిల్ బండ్లలో చాలావాటికి రెండు ముక్కల ఫ్లైవీల్ ఉంటుంది, దాని ధర విన్నాక క్లచ్ సంగతి మర్చిపోతారు. అపార్ట్‌మెంటు సెల్లారులో ఉండేవాళ్ళయితే అసలు మొదలుపెట్టొద్దు. గేర్ ఆయిలు మరక మీద జరిగే అసోసియేషన్ మీటింగు క్లచ్ మార్పిడి కన్నా పొడుగు.

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి బండి స్టార్టయింది. గేర్లు వెన్నలా పడ్డాయి. పెడల్ మొదట్లో కాస్త వదులుగా అనిపించి, గేర్ బాక్సు దగ్గరున్న కేబులు నట్టు బిగించాను. పోరంకి సెంటరు దాకా వెళ్ళి ఐస్‌క్రీము తిని వచ్చాం, నాన్న ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా బండి చప్పుడు వింటూ.

బుధవారం షాఫ్టు ముక్క తిరిగివ్వడానికి షెడ్డుకి వెళ్ళాను. మేస్త్రి డ్రైవరు సీట్లో కూర్చుని, స్టార్టు చెయ్యకుండానే, చేత్తో క్లచ్ పెడల్‌ని రెండుసార్లు మెల్లిగా నొక్కాడు. దిగి బానెట్ ఎత్తి, నేను బిగించిన నట్టుని నాలుగు చుట్లు వదులు చేశాడు. మళ్ళీ వచ్చి నొక్కాడు. ఈసారి పెడల్ అంగుళానికి కాస్త తక్కువ దూరం ఖాళీగా దిగి, అప్పుడు బరువు తగిలింది.

"ఆ ఖాళీ ఉండాలి సార్. మీరు మొత్తం లాగేశారు. కాలు పెట్టకపోయినా పెట్టినట్టే, బేరింగు ఎప్పుడూ నొక్కుకునే ఉంటది. ఇలాగే తిప్పితే ఆర్నెల్లకి మళ్ళీ దింపాల్సొచ్చేది."

దీనికెంత అని అడిగాను. వందివ్వమన్నాడు, ఇచ్చాను.

"ఇంతకీ ఎంతసేపు పట్టింది?"

"పదిహేడు గంటలు."

షాఫ్టు ముక్కని ప్యాంటుకి తుడిచి, కుర్రాడి వైపు తిరిగి "పదిహేడంట్రా" అన్నాడు. కుర్రాడు అప్పటికే ఇంకో బండి కింద ఉన్నాడు, జాకీ మీదే. అక్కణ్ణుంచే నవ్వు వినిపించింది.